చెడిన ముక్క, ఆగిన పని: చెక్క లేత్ పట్టేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

లేత్ దగ్గర, అంటే చెక్కను తిప్పుతూ ఉలితో రూపం తీసే యంత్రం దగ్గర, పనిచేసే ప్రతి ఒక్కరికీ బల్ల కింద ఒక గోతాం ఉంటుంది. అందులో పగిలిన గిన్నెలు, మూత కుదరని భరిణెలు, ఒకటి తక్కువైన మంచం కోళ్లు, లక్క ఊడిన బొమ్మలు. వాటిలో వేటిని బాగుచేయాలి, వేటిని వేరే వస్తువుగా మార్చాలి, వేటిని వదిలేయాలి అన్న ప్రశ్నలకు ఇక్కడ జవాబులున్నాయి. ఏటికొప్పాక తరహా లక్క పనికీ, మంచం కోళ్లు, గిన్నెల పనికీ రెండింటికీ పనికొస్తాయి.

ముక్క చెడింది. మొట్టమొదట చేయాల్సిందేమిటి?

మోటార్ ఆపండి. ముక్కను మాత్రం చక్ నుంచి, అంటే దాన్ని పట్టి తిప్పే దవడల పట్టు నుంచి, తీయకండి. ఒకసారి ఊడదీసిన ముక్క మళ్లీ అదే కేంద్రంలో కూర్చోదు, ఎంతో కొంత ఊగుతుంది. తీయక తప్పకపోతే చక్ ఒకటో నంబరు దవడ ఎదురుగా ముక్క మీద పెన్సిల్ గీత పెట్టి తీయండి.

తర్వాత పోయిందేమిటో చూడండి. లావు పోయిందా, పొడవు పోయిందా, గోడ మందం పోయిందా, బలమే పోయిందా? లావు పోతే అంతకన్నా సన్నటి వస్తువు అందులో ఇంకా ఉంది. పొడవు పోతే పొట్టి వస్తువు ఉంది. మంచం కోడు దిమ్మలో పప్పుగుత్తి ఉంటుంది, పప్పుగుత్తిలో బొంగరం, బొంగరంలో పూస. బలం పోయిందంటే, అంటే పగులు గోడను దాటి ఇవతలికి వచ్చిందంటే, అది ఇక లేత్ మీద తిరగాల్సిన ముక్క కాదు.

ఎందుకు చెడిందో ఆ ముక్క మీదే పెన్సిల్‌తో రాయండి: "పచ్చి చెక్క", "ఉలి కరిచింది", "అడుగు కొలవలేదు". నెల తర్వాత గోతాం తెరిస్తే ఒకే మాట ఐదారు ముక్కల మీద కనబడుతుంది. పని ఎక్కడ నేర్చుకోవాలో అదే చెబుతుంది.

పగిలిన ముక్కను లేత్ మీద తిప్పితే ఏమవుతుంది? కొంచెం పగులే కదా?

12 అంగుళాల గిన్నె నిమిషానికి 1,000 చుట్లు తిరిగితే దాని అంచు సెకనుకు దాదాపు 16 మీటర్లు, అంటే గంటకు 57 కిలోమీటర్ల వేగంతో పోతుంది. అక్కడ ఊడిన చెక్క పెళ్ల నేరుగా మొహం ఎత్తులో వస్తుంది.

పగులు ఎంత లోతుందో కంటికి తెలియదు. గిన్నెను అరచేతిలో ఆనించి అంచు మీద వేలి కణుపుతో కొట్టండి. బాగున్న గిన్నె ఖంగుమంటుంది, పగిలింది బొంగురుగా పలుకుతుంది. రెండో పరీక్ష: అనుమానం ఉన్నచోట దూదితో స్పిరిట్ రాయండి. చుట్టుపక్కల క్షణాల్లో ఆరిపోతుంది, పగుల్లో మాత్రం తడి గీత కాసేపు నిలుస్తుంది. ఆ గీత ఎక్కడిదాకా పోతే పగులు అక్కడిదాకా పోయినట్టే. రెండు చేతులతో అంచును మెల్లగా వంచినప్పుడు గీత నోరు తెరిస్తే ఇక ఆలోచించొద్దు, పక్కన పెట్టేయండి.

మామూలు గిన్నెలకు వాడుకలో ఉన్న లెక్క: అంగుళాల్లో వ్యాసాన్ని చుట్ల సంఖ్యతో గుణిస్తే 6,000 నుంచి 9,000 మధ్య రావాలి. 10 అంగుళాల గిన్నెకు 600 నుంచి 900. అతికిన ముక్కకు ఎప్పుడూ కింది అంకె కన్నా తక్కువే. మొహానికి పూర్తి షీల్డ్ పెట్టుకోండి, కళ్లద్దాలు చాలవు. స్విచ్ వేసేటప్పుడు ముక్క తిరిగే వరుసలో నిలబడకండి, పక్కకు జరగండి.

సన్నటి పగులుకు ఫెవిక్విక్ పోస్తే చాలా?

వెంట్రుకంత పగులుకు చాలు, పద్ధతిగా పోస్తే. ముందు పగుల్లో దుమ్ము ఊదేయండి. అంకుడు లాంటి తెల్ల చెక్క అయితే చుట్టూ స్పిరిట్‌లో కరిగించిన లక్క ఒక పూత వేసి ఆరనివ్వండి. లేకపోతే జిగురు పక్కకు ఇంకి పసుపు మరక పడుతుంది, శాండ్ పేపర్‌తో ఎంత రుద్దినా పోదు. తర్వాత జిగురు చుక్కలు వేసి, పైన అదే చెక్క పొడి చల్లి, ఇంకో చుక్క వేయండి. పొడి అదే ముక్కదై ఉండాలి. వేరే చెక్క పొడి అయితే ఆరాక గీత ఎత్తి చూపినట్టు కనబడుతుంది.

ఒలికిన జిగురును నూలు గుడ్డతో తుడవకండి. ఈ జిగురు నూలు తగిలితే ఒక్కసారిగా గట్టిపడి పొగ వచ్చేంత వేడెక్కుతుంది, వేళ్లు కాలతాయి. కాగితం వాడండి.

1 మి.మీ. దాటిన పగులుకు అరాల్డైట్ లాంటి ఎపాక్సీ కావాలి. రెజిన్, హార్డెనర్ పాకెట్ మీద చెప్పిన పాళ్లలోనే కలపాలి. త్వరగా గట్టిపడుతుందని హార్డెనర్ ఎక్కువ వేస్తే అది ఎప్పటికీ జిగట వదలదు. అందులో కాఫీ పొడి, మెత్తగా నూరిన బొగ్గు, లేదా ఇత్తడి రజను కలపొచ్చు. పగులును దాచడానికి చెక్క రంగు కలపడం కన్నా నల్లగా, తేటగా కనబడనివ్వడమే అందం. దాచబోయిన పగులు మాసికలా ఉంటుంది. ఐదు నిమిషాల ఎపాక్సీ లేత్ పనికి నప్పే సరుకు కాదు, బుడగలు పైకి రాకముందే బిగుసుకుంటుంది, రుద్దేటప్పుడు శాండ్ పేపర్ గరుకును పూడ్చేస్తుంది. నెమ్మదిగా ఆరేది పోసి 24 గంటలు వదలండి.

ఫెవికాల్ పగులు నింపడానికి కాదు. అందులో నీరు ఆరిపోగానే కుంచించుకుపోతుంది. రెండు ముఖాలు ఒకదానికొకటి ఆనుకుని బిగించగలిగినప్పుడే అది పనిచేస్తుంది.

గిన్నె అడుగు చిల్లు పడింది. గరాటు అయిపోయింది.

అందరికీ అవుతుంది. బయటి లోతు కొలిచి, చక్ పట్టుకున్న బొడిపె ఎత్తును అందులో కలిపి లెక్కేసుకోవడం దీనికి కారణం. గిన్నె బయటి ఎత్తు బొడిపెతో కలిపి 80 మి.మీ., అందులో బొడిపె 8 మి.మీ. అనుకోండి. బొడిపె చివర్లో కోసేసేదే కాబట్టి ఉన్నది 72. అడుగు 10 మందం ఉండాలంటే లోపల 62 కన్నా లోతు పోకూడదు. తొలవకముందే 62 లోతు వరకు డ్రిల్ బిట్‌తో మధ్యలో రంధ్రం వేసి పెట్టుకోండి, బిట్‌కు టేపు చుట్టి గుర్తు పెట్టండి. రంధ్రం మాయమైనచోట ఆగాలి.

పడిన చిల్లుకు రెండు దారులు. చిల్లు చిన్నదైతే దాన్ని గుండ్రంగా, అంచులు నిటారుగా ఉండేలా పెద్దది చేసి, వేరే రంగు చెక్కతో బిళ్ల చేసి కూర్చోబెట్టండి. తెల్ల గిన్నెలో ముదురు రంగు ఇరుగుడు బిళ్ల ముందే అనుకుని చేసినట్టుంటుంది. బిళ్ల నార దిశ గిన్నె నార దిశతో కలవాలి. అడ్డంగా పెడితే రెండూ వేర్వేరు దిక్కుల్లో కుంచించుకుపోయి మొదటి ఎండాకాలంలోనే వదులవుతుంది.

చిల్లు పెద్దదైతే గిన్నెను మర్చిపోండి. అడుగు పూర్తిగా కోసేస్తే వలయం వస్తుంది. గోడ గడియారం చట్రం, అద్దం చట్రం, బల్బు చుట్టూ నీడగా పెట్టే టోపీ. బల్బు అంటే ఎల్ఈడీ, వేడెక్కే పాత బల్బు కాదు.

నాలుగు మంచం కోళ్లలో మూడు బాగా వచ్చాయి, నాలుగోది సన్నమైంది.

నాలుగోదాన్ని మళ్లీ చేయాలని చూస్తారు. దిమ్మ మిగిలి ఉంటే అదే మంచిది. లేకపోతే మిగతా మూడింటినీ నాలుగోదాని కొలతకు దింపండి. 60 మి.మీ. ఉండాల్సిన మెడ 56 అయితే మూడింటిలోనూ 56 చేయడం పావుగంట పని. మంచం మీద పడుకునేవాళ్లకు 4 మి.మీ. తేడా తెలియదు, నాలుగు కోళ్లలో ఒకటి తేడాగా ఉంటే మాత్రం గడపలోంచే కనబడుతుంది. పట్టెలు దిగే తొర్ర ఉన్న భాగాన్ని మాత్రం తగ్గించకండి, బలమంతా అక్కడే.

ఇది రాకుండా ఉండాలంటే కొలతల పట్టీ వాడండి. ఒక సన్నటి చెక్క పేడు మీద కోడు పొడవునా ప్రతి గాడి, ప్రతి ఉబ్బు ఎక్కడ వస్తుందో గీతలు గీసి, పక్కన వ్యాసం రాసుకోవాలి. దిమ్మ తిరుగుతుండగా పట్టీ ఆనించి పెన్సిల్ పెడితే గీతలన్నీ ఒక్కసారే పడతాయి. ముందు గాడులు కొలతకు దింపి, తర్వాత ఉబ్బులు తీయండి. నాలుగుకు ఐదు దిమ్మలు సిద్ధం చేసుకోవడం పాతకాలం నుంచీ ఉన్న అలవాటు. ఐదోది మిగిలితే చపాతీ కర్ర అవుతుంది.

పాత మంచం కోళ్లను మళ్లీ లేత్ మీద పట్టొచ్చా?

పట్టొచ్చు, పాత టేకు కన్నా బాగా ఆరిన చెక్క దొరకదు. ముందు గట్టి అయస్కాంతం పొడవునా నడిపించండి. విరిగిన మేకు తల కంటికి కనబడదు, ఉలి అంచుకు తెలుస్తుంది. మేకు చుట్టూ ఉన్న నల్ల మరక ఇనుము చెక్కలోని వగరుతో కలిసి పుట్టింది, లోతుగా ఉంటుంది, పూర్తిగా పోదు.

పాత రంగు ఉంటే జాగ్రత్త. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందటి పసుపు, ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. దాన్ని పొడిగా రుద్దితే ఆ దుమ్ము ఇంట్లో పిల్లల నోటికి చేరుతుంది. తడి గుడ్డ, స్క్రేపర్‌తో ముందు గీరేసి, పొరలన్నీ మూటకట్టి పారేశాకే లేత్‌కు ఎక్కించండి.

చక్ పట్టుకునే బొడిపె విరిగిపోయింది.

గిన్నె పాడు కాలేదు. అడుగు చదును చేసి, 25 మి.మీ. మందం ఉన్న పనికిరాని దిమ్మను ఫెవికాల్‌తో అతికి, టెయిల్ స్టాక్‌తో (లేత్ రెండో చివర నుంచి ముక్కను నొక్కిపట్టే భాగం) బిగించి ఒక రాత్రి ఉంచి, దాని మీద కొత్త బొడిపె తీయండి. విరగడానికి కారణం సాధారణంగా రెండిట్లో ఒకటి. బొడిపె చివర దవడల అడుగుకు తగిలి భుజం, అంటే బొడిపె మొదట్లో ఉండే మెట్టు, ఆనకపోవడం ఒకటి. దవడలు బాగా విచ్చుకుని వాటి మూలలతోనే పట్టడం రెండోది. 50 మి.మీ. దవడలకు 52 నుంచి 55 మి.మీ. బొడిపె సరిగ్గా ఉంటుంది. ఎత్తు 6 నుంచి 8. భుజం దవడల పైముఖాన్ని ఆనాలి, అడుగున కాస్త ఖాళీ ఉండాలి.

పచ్చి చెక్క గిన్నెలు సగం తొలిచి పెట్టాను. ఎప్పుడు పూర్తి చేయాలి?

ఇవి చెడిన పనులు కావు, కావాలని ఆపినవి. మామిడి, వేప, నిద్రగన్నేరు దిమ్మలు పచ్చిగా ఉన్నప్పుడే తొలిచి, గోడను వ్యాసంలో పదో వంతు మందం ఉంచి ఆరబెడతారు. 250 మి.మీ. గిన్నెకు 25 మి.మీ. గోడ. గోడ అంతటా ఒకే మందం ఉండాలి. అడుగు 40, అంచు 20 ఉంటే అంచు ముందు ఆరి కుంచించుకుంటుంది, అడుగు కదలదు, మధ్యలో నెర్రె విచ్చుకుంటుంది. దిమ్మలో బెండు (దుంగ నడిమధ్యలోని మెత్తటి భాగం) ఉంటే అక్కడి నుంచి పగులు తప్పదు, కోసేటప్పుడే బెండు తీసేయాలి.

దుంగను అడ్డంగా కోసిన ముఖం నుంచి తేమ పక్కల కన్నా ఎన్నో రెట్లు వేగంగా పోతుంది. గిన్నెలో ఆ ముఖం రెండు ఎదురెదురు చోట్ల వస్తుంది. అక్కడ కరిగించిన మైనం గానీ ఫెవికాల్ గానీ రాయండి. తర్వాత గిన్నెను దాని పొట్టుతోనే కాగితపు సంచిలో పెట్టి, ఫ్యాన్ గాలి, ఎండ తగలని చోట ఉంచండి. కోస్తాలో వానాకాలం అయితే పొట్టు బూజు పడుతుంది, వారానికోసారి మార్చాలి. పాలిథిన్ సంచి వద్దు.

గిన్నె మీద చెట్టు పేరు, తేదీ, బరువు రాయండి. వారానికోసారి వంటింటి తూకం మీద పెట్టండి. మొదట్లో వారానికి వందల గ్రాములు తగ్గుతుంది. వరసగా మూడు వారాలు బరువు మారకపోతే ఆరింది. మూడు నెలల నుంచి ఆరు నెలలు పట్టొచ్చు, లావు గిన్నెలకు ఇంకా ఎక్కువ.

ఆరిన గిన్నె కోలగా మారి ఉంటుంది. పనికొస్తుందో లేదో లెక్క కట్టొచ్చు. పొడవు వైపు కొలత నుంచి పొట్టి వైపు కొలత తీసేసి సగం చేయండి. గోడ మందం నుంచి అది తీసేస్తే మిగిలేదే మీకు దొరికే గోడ. 252, 240 వచ్చాయనుకోండి. తేడా 12, సగం 6. 25 లోంచి 6 పోతే 19, హాయిగా పూర్తి చేయొచ్చు. తేడా 36 అయితే మిగిలేది 7. అలాంటిదాన్ని గుండ్రం చేయాలని పట్టుబట్టకండి. కోలగానే వదిలి లోపలా బయటా చేత్తో నునుపు చేయండి.

బొడిపె కూడా కోలగా మారి ఉంటుంది, దాన్ని అలాగే చక్‌లో బిగించకండి. గిన్నె నోటిని ఫేస్‌ప్లేట్ (చక్ బదులు లేత్‌కు బిగించే చదును పళ్లెం) మీది దిమ్మకు ఆనించి, వెనక టెయిల్ స్టాక్ నొక్కిపెట్టి, ముందు బొడిపెను గుండ్రం చేయండి.

భరిణె మూత చేసిన రోజు సరిగ్గా ఉంది, ఇప్పుడు రావట్లేదు. పూర్తిగా చెడినట్టేనా?

చెక్క గాలిలో తేమను బట్టి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. విశాఖ తీరంలో వానాకాలపు గాలికి చెక్కలో తేమ 16 శాతం దగ్గర నిలుస్తుంది. హైదరాబాద్ ఎండాకాలంలో 6 దగ్గరికి దిగుతుంది. 60 మి.మీ. టేకు భరిణె ఆ పది శాతం తేడాకు వార్షిక వలయాల వెంట దాదాపు 1.2 మి.మీ., వలయాలకు అడ్డంగా అర మి.మీ. తగ్గుతుంది. అంటే నోరు చిన్నదే కాదు, 0.7 మి.మీ. మేర కోలగా కూడా అవుతుంది.

కాబట్టి ఇరుక్కున్న మూతను సుత్తితో కొట్టొద్దు. పొడి గదిలో, బియ్యం డబ్బాలో వారం ఉంచితే చాలాసార్లు దానంతటదే వదులుతుంది. అప్పుడు అంచును కొద్దిగా రుద్దండి. వదులైన మూతకు అంచు మీద పలచటి లక్క పొర పట్టించి కొలతకు దింపండి. మళ్లీ చేసేటప్పుడు, దిమ్మను ముతకగా తొలిచి రెండు మూడు వారాలు ఆగి అప్పుడు మూత కూర్చండి. మూత, అడుగు ఒకే దిమ్మలోంచి, నార వరస తప్పకుండా రావాలి, అప్పుడు కోలగా మారినా రెండూ ఒకే వైపు మారతాయి. మూత మీద, అడుగు మీద ఎదురెదురుగా ఒక చిన్న గుర్తు పెడితే ఎటు తిప్పి పెట్టాలో కొన్నవాళ్లకు తెలుస్తుంది.

లక్క పెచ్చులూడుతోంది, బుడగలు వస్తున్నాయి. ఏం తప్పు జరిగింది?

అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో బొమ్మలు అంకుడు కర్రతోనే చేయడానికి కారణం ఉంది. మెత్తగా, తెల్లగా ఉండి నార సన్నగా ఉంటుంది, లక్క పొర బాగా పట్టుకుంటుంది. కర్ణాటకలోని చన్నపట్న బొమ్మలదీ ఇదే చెట్టు. ఆ కర్ర పచ్చిగా ఉంటే మాత్రం ఏదీ నిలవదు. తిరుగుతున్న చెక్కకు లక్క కడ్డీ ఒత్తితే రాపిడి వేడికి లక్క కరుగుతుంది. అదే వేడికి చెక్కలో తేమ ఆవిరై పొర కింద బుడగ అవుతుంది. మరుసటి రోజు ఆ బుడగ దగ్గర పెచ్చు లేస్తుంది.

బుడగలు లేకుండానే ఊడితే చెక్క మీద నూనె చెయ్యో, మైనమో, శాండ్ పేపర్ దుమ్మో ఉందన్నమాట. లక్క గరుకుగా, గీతలు గీతలుగా పడితే వేడి చాలలేదు, చుట్లు పెంచండి లేదా కడ్డీ ఇంకొంచెం ఒత్తండి. నల్లబడి వాసన వస్తే వేడి ఎక్కువైంది. మొగలి ఆకు ఒత్తినప్పుడు పొర సమంగా పరుచుకుని మెరవాలి. ఆకు జారకుండా పట్టేస్తుంటే లక్క ఇంకా జిగటగా ఉంది, ఒక్క క్షణం ఆగి మళ్లీ ఒత్తండి.

చెడిన పొరను స్పిరిట్‌తో కడగాలనుకోకండి. కరగడానికి గంటలు పడుతుంది, రంగు చెక్కలోకి ఇంకిపోతుంది. చుట్లు తగ్గించి, పదునైన ఉలిని పడుకోబెట్టి పొరను పొట్టులా తీసేయడం సులువు. చెక్క తేలేదాకా తీసి, మళ్లీ నునుపు చేసి, నీడలో ఆరబెట్టి, అప్పుడు కొత్త లక్క పట్టండి. పలచటి గోడలున్న భరిణెల మీద మాత్రం ఒకేచోట కడ్డీ నొక్కి ఉంచకండి, వేడికి గోడే బీటవారుతుంది.

ఊడదీసిన లక్క పొట్టు మళ్లీ వాడొచ్చా?

వాడొచ్చు. లేత్ కింద కాగితం పరిచి ఏ రంగుకు ఆ రంగు విడిగా పట్టుకోండి. నిప్పు సెగ మీద మెత్తబరిచి, పిసికి, కడ్డీ సాగదీయాలి. చెక్క పొట్టు కలిసిన లక్క నునుపు పనికి రాదు, కింద కనబడని మొదటి పొరకు వాడుకోండి. పసుపు, నీలి, జాఫ్రా రంగులు కలిసిపోతే బురద రంగు వస్తుంది, దాన్ని సరిచేయడం సాధ్యం కాదు.

రంగుల గురించి ఒక మాట. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అక్కడ సహజ రంగులను మళ్లీ వాడుకలోకి తెచ్చినందుకు సి.వి. రాజు 2023లో పద్మశ్రీ అందుకున్నారు. గింజలు, వేర్లు, ఆకుల నుంచి తీసిన ఆ రంగు కడ్డీ తయారీకి చాలా శ్రమ పడుతుంది. అందుకే దాని పొట్టును ఊడ్చేయడం అన్యాయం. పొడి రంగులు, ఎనామెల్ కలిసిన పొట్టును మాత్రం దాచకండి.

పుచ్చు పట్టిన ముక్కలు?

రంధ్రం కింద తెల్లటి మెత్తని పొడి రోజూ కొత్తగా రాలుతుంటే పురుగు ఇంకా లోపల ఉంది. ఆ ముక్కను మిగతా చెక్క దగ్గర ఉంచొద్దు. పురుగు తినేది ఎక్కువగా తెల్లచెక్కలోని పిండి పదార్థాన్ని, చేవను కాదు. చిన్న ముక్క అయితే పాలిథిన్ సంచిలో గట్టిగా మూటకట్టి డీప్ ఫ్రీజర్‌లో వారం ఉంచండి. పొడి ఆగిపోయాక రంధ్రాలను మైనం, లక్కతో నింపి అలంకారపు వస్తువు చేయొచ్చు. వంటింటి వస్తువుకు పనికిరాదు.

విరిగిన కోడుతో పప్పుగుత్తి ఎలా చేయాలి?

కనీసం 300 మి.మీ. పొడవు, 60 మి.మీ. లావు పగులు లేకుండా దొరకాలి. వేప, టేకు, తుమ్మ ఏదైనా సరే. ఒక చివర 70 మి.మీ. మేర తల వదిలి, మిగతాది 24 మి.మీ. పిడికి దింపండి. పిడి తలలో కలిసేచోట నిటారు మెట్టు పెట్టకండి, వంపుగా రావాలి. విరిగేది ఎప్పుడూ ఆ మెట్టు దగ్గరే. తల అడుగు కాస్త గుండ్రంగా తీసి, లేత్ నుంచి దించాక రంపంతో అడుగున ప్లస్ గుర్తులా రెండు గాట్లు 12 మి.మీ. లోతున కోయండి. మధ్యలో ఇంకో రెండు కోస్తే పప్పు ఇంకా త్వరగా ఎనుగుతుంది.

దీనికి లక్క పట్టించకండి. లక్క 65 నుంచి 70 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, కుక్కర్ లోంచి తీసిన పప్పు అంతకన్నా వేడి. ఏ పూతా లేకుండా వదిలేయడమే మేలు. మెరుపు కావాలంటే వంటకు వాడే అవిసె నూనె పలచగా రాసి రెండు మూడు వారాలు ఆరనివ్వండి. హార్డ్‌వేర్ షాపులో దొరికే ఉడికించిన అవిసె నూనెలో త్వరగా ఆరడానికి లోహ లవణాలు కలుపుతారు, వంటింటికి వద్దు. నూనె తుడిచిన గుడ్డను ఉండచుట్టి మూల పడేస్తే దానంతటదే వేడెక్కి అంటుకోగలదు. పరిచి ఆరేయండి, లేదా నీళ్లలో ముంచండి.

జిగురుతో అతికిన పగులున్న చెక్క పప్పుగుత్తికి పనికిరాదు. అలాంటిదానిలో బాగున్న 70 మి.మీ. ముక్క దొరికితే బొంగరం తీయండి. ములుకు దిగే రంధ్రం బొంగరం ఇంకా లేత్ మీద ఉండగానే టెయిల్ స్టాక్ వైపు నుంచి వేయాలి. దించాక చేత్తో వేస్తే మధ్యలో పడదు, బొంగరం తిరగకుండా గెంతుతుంది. రంధ్రం ములుకు కన్నా అర మి.మీ. సన్నం ఉండాలి, ఇంకా బిగువైతే చెక్క చీలుతుంది.

ఎందుకూ పనికిరాని గిన్నెను ఏం చేయాలి?

నిలువునా రెండుగా కోయండి. ఇంతకన్నా మంచి ఉపయోగం లేదు. బ్యాండ్‌సా లేకపోతే చేతి రంపం చాలు. కోసిన ముఖం మీద గోడ మందం అంచు నుంచి అడుగు దాకా ఒక బొమ్మలా కనబడుతుంది. సాధారణంగా కనబడేది ఇది: అంచు దగ్గర 6, నడుమ 9, అడుగు మలుపు దగ్గర 16, సరిగ్గా మధ్యలో మళ్లీ 5. చేతికి సమంగా అనిపించిన గోడ నిజానికి మలుపు దగ్గర లావుగా ఉండిపోతుంది, ఉలి అక్కడ తిరగడానికి ఇబ్బందిపడుతుంది కాబట్టి. ఆ మందాన్ని పెన్సిల్‌తో ముఖం మీదే రాసి గోడకు మేకు కొట్టి తగిలించండి. తర్వాతి గిన్నె మలుపు దగ్గరికి వచ్చినప్పుడు కళ్లు అటే పోతాయి.

ఆగిన పనులు ఎన్ని దాచాలి?

ఒక అర, అంతే. అర నిండితే కొత్తది పెట్టడానికి పాతది ఒకటి తీయాలి. తేదీ లేని ముక్క, ఏం చేయబోయామో గుర్తులేని ముక్క ముందు పోతాయి. ఎరచందనం, గంధం, చేవ నిండిన ఇరుగుడు తుంటలు మాత్రం వేలెడంత ఉన్నా విడిగా దాచండి, గుండీలకు, భరిణె మూతల బొడిపెలకు పనికొస్తాయి. ఎరచందనం, గంధం ముక్కలకు కొన్న రసీదు కూడా దాచాలి, ఎక్కడిదని అడిగితే చూపించాల్సి వస్తుంది.

లోపం ఉన్నది అమ్మొచ్చా? పిల్లలకు ఇవ్వొచ్చా?

లోపం చూపించి, తక్కువ ధరకు, అలంకారానికని చెప్పి అమ్మొచ్చు. అతికినదాన్ని అతికినట్టు చెప్పాలి.

పిల్లల బొమ్మల్లో మాత్రం రెండో రకం సరుకు ఉండకూడదు. మన దేశంలో బొమ్మలకు ఐఎస్ 9873 ప్రమాణం 2021 జనవరి 1 నుంచి తప్పనిసరి. కేంద్ర హస్తకళల అభివృద్ధి కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులకు అందులో మినహాయింపు ఉంది, పసివాళ్ల గొంతుకు మినహాయింపు లేదు. మూడేళ్ల లోపు పిల్లల బొమ్మ గానీ, దాన్నుంచి ఊడివచ్చే భాగం గానీ 31.7 మి.మీ. వ్యాసం గొట్టంలో పట్టకూడదు. పగిలిన గిలక్కాయను అతికి ఇస్తే అది ఊడే చోటు మీరే తయారుచేసి ఇచ్చినట్టు. విరిగిన లక్క పిడతలోంచి తీసిన పూసలు పెద్దవాళ్ల దండలకే.

మిగిలిన పొట్టు, పనికిరాని తుంటలు పొయ్యిలో వేయొచ్చా?

పూత లేని చెక్క వేయొచ్చు. ఎనామెల్, ఎపాక్సీ, ఫెవిక్విక్ తగిలినవి వంట పొయ్యిలోనూ, నీళ్ల పొయ్యిలోనూ వేయకండి. రంగు లేని పొట్టు కోళ్ల గూట్లో పరచవచ్చు, మొక్కల మొదళ్లలో పైన పరచవచ్చు. మట్టిలో కలిపి తవ్వొద్దు, అది కుళ్లేటప్పుడు నేలలోని నత్రజనిని తీసుకుని మొక్కలు పసుపుబారతాయి. అంకుడు పొట్టు తెల్లగా, దూదిలా ఉంటుంది. బొమ్మలు పార్శిల్ పంపేటప్పుడు పెట్టెలో దాన్నే కూరండి.